పాత కార్ల మోజు, ధర: ఒక సర్వేయర్ అభిప్రాయం

సంపాదకుల వారికి,

అయ్యా,

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో పాత కార్ల సేకరణపై వచ్చిన కథనాన్ని ఆసక్తితో చదివాను. ఫొటోలు చక్కగా ఉన్నాయి. యజమానుల మాటల్లో తమ వాహనాల పట్ల ఉన్న ప్రేమా కనిపించింది. అయితే 1990ల నాటి అంబాసిడర్‌నూ, తొలితరం మారుతి 800నూ, కాంటెస్సానూ ఒకే గాటన కట్టి అన్నింటినీ వింటేజ్ కార్లని పేర్కొనడం, వాటి ధర ఏటేటా పెరుగుతూనే పోతుందని రాయడం సరికాదు. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో చాలాకాలం మోటారు బీమా సర్వేయర్‌గా ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్లకూ, వరదలో మునిగిన కార్లకూ నష్టం లెక్కగట్టినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను. కారు మనసుకు నచ్చడం వేరు, దానికి మార్కెట్‌లో నిలిచే విలువ వేరు. ఈ రెండింటినీ కలిపి చెప్పినప్పుడు నష్టపోయేది, రూపాయి రూపాయి కూడబెట్టి మొదటిసారి పాత కారు కొంటున్న పాఠకుడే.

ముందుగా చట్టం మాట. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను మాత్రమే వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తామని ప్రకటించింది. ఆ రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. తర్వాత 5,000 రూపాయలు కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మారుతి 800 తొలి కారు కొనుగోలుదారు చేతికి అందింది 1983 డిసెంబరులో. అంటే మన దేశంలో అతి పాత మారుతికైనా 2033 చివరి వరకు ఆ హోదా రాదు. కాంటెస్సా పరిస్థితీ అంతే. ఇంకో సంగతి మీ కథనంలో అసలు లేదు. వింటేజ్‌గా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు నింపుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజూ ఆఫీసుకు వేసుకుని వెళ్ళడానికీ, పెళ్లి ఊరేగింపులకు కిరాయికివ్వడానికీ వీల్లేదు. కిరాయి ఆదాయం చూపించి వింటేజ్ కారు అమ్మజూపే బ్రోకర్లు మన దగ్గర ఉన్నారు కనుక ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తోంది.

యాభై ఏళ్లు నిండని కారుకు వర్తించేది మామూలు చట్టమే. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై తనిఖీ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. మన జిల్లాలో ఏపీ 36 నంబరు ప్లేటు మీద చాలామందికి మమకారం ఉంది, నాకూ ఉంది. కానీ 2014 జూన్‌లో టీఎస్ సిరీస్ వచ్చింది కాబట్టి ఏపీ 36 పేరున్న చివరి కారుకు కూడా 2029 నాటికి 15 ఏళ్లు నిండిపోతాయి. బేరమాడేటప్పుడు పొడిగింపు అయిందా లేదా, అయితే ఏ తేదీ వరకు అన్నది ఆర్సీలో చూసి, కాకపోతే ఆ ఖర్చునూ తిరుగుడునూ ధరలోంచి తగ్గించుకోవాలి. దీన్ని చాలామంది బయానా ఇచ్చిన తర్వాత గమనిస్తారు.

ఇక అసలు విలువ దేనివల్ల వస్తుందన్నది చూద్దాం. అంబాసిడర్ 1950ల చివర ఉత్తరపారాలో మొదలై 2014 మే వరకు దాదాపు అదే ఆకారంలో తయారైంది. అంత సుదీర్ఘకాలం వచ్చిన కారులో ఏది విలువైనదో, ఏది మామూలుదో రూపం చూసి చెప్పడం కష్టం. అది ఏ మార్క్ (తరం) కారో గుర్తించి, ముందుభాగం జల్లెడ, మీటర్ బోర్డు, దీపాలు, స్టీరింగ్ చక్రం, డోరు పిడులు ఆ కాలానివేనా అని పరిశీలించాలి. మన ప్రాంతంలో ట్యాక్సీగా తిరిగిన అంబాసిడర్లు ఎక్కువ. ఇంధన ఖర్చు తగ్గుతుందని పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ దించినవి, తర్వాత పసుపు ప్లేటు పోయి తెల్ల ప్లేటు వచ్చినవి వాటిలో అనేకం. బతుకుదెరువు కోసం అలా చేసినవారిని తప్పుపట్టలేం. అయితే కొనేవాడు మాత్రం ఆర్సీలోని ఇంజన్ నంబరుకూ బానెట్ కింద కనిపించే నంబరుకూ పొంతన ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. నంబరు కలవని కారు ఎంత మెరిసినా, సేకరణకర్త దృష్టిలో అది సగం విలువ కోల్పోయినట్లే. మార్పును రవాణా కార్యాలయంలో నమోదు చేయించకపోతే పేరు మార్పిడి దగ్గరా, పొడిగింపు దగ్గరా చిక్కు తప్పదు.

మెరుపు గురించి కూడా ఒక మాట. రీస్టోరేషన్ చేయించామని చెప్పే కార్లలో ఎక్కువ భాగానికి జరిగేది టింకరింగ్, పెయింటింగ్ మాత్రమే. ప్రీమియర్ పద్మినికి మెటాలిక్ రంగు వేయించి, అల్లాయ్ చక్రాలు బిగించి, స్టీరింగ్ పక్కన ఉండవలసిన గేరు రాడ్డును తీసి కింద పెట్టించి, దానికి లక్షల్లో ధర చెబుతున్నారు. ఖర్చు పెట్టిన మాట నిజమే కావచ్చు. కానీ పెట్టిన ఖర్చంతా విలువగా మారదు. రంగు వెలిసినా, సీటు గుడ్డ చిరిగినా, అన్నీ కంపెనీ భాగాలతో, మొదటి బిల్లుతో, పాత పన్ను రసీదులతో ఉన్న పద్మినికే తెలిసినవారు ఎక్కువ ఇస్తారు. చిరిగిన సీటు కుట్టించుకోవచ్చు గాని, ఒకసారి పారేసిన అసలు భాగాన్ని తిరిగి తేవడం అంత సులువు కాదు. ఆర్ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ) ఆచార్యులో, రైల్వే అధికారులో వాడి, పిల్లలు విదేశాలకు వెళ్ళాక షెడ్డులో మిగిలిపోయిన ఫియట్లు, అంటే ఈ పద్మిని తరహా కార్లు, హన్మకొండ, కాజీపేటల్లో నేటికీ అక్కడక్కడా ఉన్నాయి. వాటిని అమ్మేవారికి నా విన్నపం: అమ్మకానికి ముందు రంగు వేయించకండి, దుమ్ము మాత్రం తుడిపించి కాగితాలు వెతకండి.

రేకు సంగతికి వస్తే, అంబాసిడర్‌కు జీపులాగా విడి చాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందువల్ల డోర్ల కింది పట్టీలు, నేల రేకు, డిక్కీ అడుగు తుప్పు పట్టాయంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, కారు బలానికి సంబంధించినది. ఆ చోట్ల పలుచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఆనించి చూస్తే లప్పం మందంగా పెట్టిన దగ్గర అది పట్టుకోదు. ఇంజన్‌ను బోరు కొట్టించి బాగు చేయవచ్చు, బ్రేకులు మార్చవచ్చు. తుప్పు తిన్న బాడీని నిలబెట్టడానికి అయ్యే కూలి మాత్రం అన్నింటినీ మించుతుంది. పాత కార్ల పరీక్షలో ఇంజన్ చప్పుడు విని తలూపేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. ముందు వినవలసింది కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో తట్టినప్పుడు నేల రేకు చేసే చప్పుడు.

అరుదుగా దొరకడం ఒక్కటే విలువ కాదని కూడా గుర్తుంచుకోవాలి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ 2000 అరుదైనదే, అయినా దాన్ని కోరుకునేవారూ తక్కువే. 1991లో వచ్చిన టాటా సియెర్రా అరుదైనదీ, కోరుకునేదీ కూడా. అదే పేరుతో 2025లో కొత్త కారు రావడంతో పాతదాని మీద మోజు ఇంకా పెరిగింది. అయితే దాని వెనుక భాగంలో పైకప్పు వైపు వంగిన పెద్ద అద్దాలు పగిలితే వాటిని సంపాదించడం ఎంత కష్టమో కొనేవాడు ముందే ఆలోచించాలి. అద్దాలు, రబ్బరు బీడింగులు, దీపాలు క్షేమంగా ఉన్న సియెర్రాకూ, అవి లేని సియెర్రాకూ ధరలో చాలా తేడా ఉండాలి. మారుతి 800లోనూ 1986లో ఆకారం మారడానికి ముందు వచ్చిన తొలి నమూనాకే ప్రత్యేక విలువ ఉంది. ఆ తర్వాతి నమూనా 2014 జనవరి వరకు లక్షల సంఖ్యలో వచ్చింది కనుక అది మంచి పాత కారు అవుతుంది గాని సేకరణ వస్తువు కావడానికి ఇంకా సమయముంది. వీటన్నిటికీ వర్తించే కొత్త ఇబ్బంది ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, కార్బురేటర్ కాలం నాటి రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వాటిని మార్చారా అని అడగడం మరవకూడదు.

జీపుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు అడవి దారుల్లో ఒకప్పుడు జీపు తప్ప వేరే బండి వెళ్ళేది కాదు. ప్రభుత్వ శాఖల్లో పనిచేసిన జీపులు వేలంలో బయటికి వచ్చాయి. అలా వచ్చినవాటిలో కొన్నింటిని విడదీసి, రెండు మూడు బండ్ల భాగాలతో ఒకటి కట్టి, ఎప్పుడో తుక్కయిపోయిన మరో జీపు ఆర్సీని దానికి జతచేసి అమ్మడం కొత్తేమీ కాదు. చాసిస్ మీద నంబరు మళ్ళీ గుద్దినట్లుంటే అక్షరాల లోతు, వరుస సమానంగా ఉండవు, చుట్టూ రేకు రుద్దిన గుర్తు కనిపిస్తుంది. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ ముద్రను మీరే స్వయంగా తీసుకోండి, అమ్మేవాడు తెచ్చిచ్చిన కాగితాన్ని నమ్మకండి. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన బాడీతో కుర్రకారును ఆకట్టుకునే జీపులకు చెప్పే ధర ఈ కోణంలో చూస్తే గాలి మీద కట్టిన ధరే.

సేకరణ కార్ల ముచ్చట కొద్దిమందిది. అవసరానికి వాడిన కారు కొనేవారు వేలల్లో ఉంటారు కాబట్టి వారి విషయం ఇంకొంచెం వివరంగా రాస్తాను. మన కార్ కన్సల్టెన్సీల్లో ఎక్కువగా వినిపించేవి మూడు మాటలు: సింగిల్ ఓనర్, తక్కువ కిలోమీటర్లు, నాన్-యాక్సిడెంట్. మొదటిదాన్నే తీసుకోండి. ఆర్సీలో ఒకే పేరు ఉండడానికి కారణం చాలాసార్లు కారు చేతులు మారకపోవడం కాదు, చేతులు మారినా పేరు మార్చకపోవడం. యజమాని పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30ల మీద సంతకాలు పెట్టి బ్రోకర్‌కు ఇచ్చేస్తాడు. ఆ కాగితాలతోనే కారు ఇద్దరు ముగ్గురు వ్యాపారుల మధ్య తిరుగుతుంది. రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలని చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. తెలపకపోతే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదే. కారు అమ్మేశాను, నాకేం సంబంధం లేదు అనుకుని నిశ్చింతగా ఉన్న అమ్మకందారులు దీన్ని శ్రద్ధగా చదవాలి. బీమా పాలసీ కొత్త యజమాని పేరుకు మార్చడానికి కూడా 14 రోజులే గడువు. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, కారుతో పాటు రాదు, పాత యజమానితోనే వెళ్ళిపోతుంది.

కిలోమీటర్ల మీటరును వెనక్కి తిప్పడం ఈ రోజుల్లో చిన్న పరికరంతో అయ్యే పని. దాన్ని చూసి ధర కట్టడం కంటే బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు అరుగుదలనూ, డ్రైవర్ సీటు కుడి అంచునూ, స్టీరింగ్ నునుపునూ చూడడం మేలు. టైరు మీద నాలుగంకెల సంఖ్యలో అది తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. ముప్ఫై వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పే కారుకు నాలుగు టైర్లూ అప్పటికే ఒకసారి మారి ఉంటే ఎందుకు మార్చారని అడగాలి. సర్వీసు రికార్డులో చివరి నమోదు ఎప్పటిది, అప్పుడు మీటరు ఎంత అన్నది షోరూములో నంబరు చెప్పి విచారించవచ్చు.

నాన్-యాక్సిడెంట్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు సర్వే రోజులు గుర్తుకు వస్తాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతాన్ని మించితే కారును పూర్తి నష్టంగా లెక్కించి పరిష్కరించడం మా వృత్తిలో పద్ధతి. పరిహారం చెల్లించాక మిగిలిన బండిని శకలంగా కొనే వ్యాపారులుంటారు. ఆ బండ్లలో కొన్ని తుక్కుకు పోతాయి. మిగిలినవి ఏదో ఒక షెడ్డులో ముందు భాగం అతికించుకుని, కొత్త రంగుతో మళ్ళీ అమ్మకానికి నిలబడతాయి. బానెట్ తెరిచి, రెండు పక్కలా ఇంజన్ గది గోడల్లాంటి ఏప్రాన్ రేకుల మీద కంపెనీ వెల్డింగు చుక్కలు వరుసగా, గుండ్రంగా ఉన్నాయో లేదో చూడండి. డోరు రబ్బరు లాగి, పైకప్పును మోసే నిలువు స్తంభం, అంటే పిల్లర్, అంచులనూ అలాగే చూడండి. ముందు చక్రాల పైనుండే ఫెండర్ రేకు బోల్టుల తలల మీద రంగు చెదిరిందంటే అది ఒకసారి విప్పినట్లే. బంపర్, డోర్ గీతలు ఎవరి కారుకైనా ఉంటాయి, వాటికి ధర తగ్గించాలని పట్టుబట్టనవసరం లేదు. పిల్లర్ తెగి అతికిన కారును మాత్రం ఎంత చవకైనా కుటుంబం కోసం కొనకూడదన్నది నా అభిప్రాయం.

వరద కార్ల విషయం మన ఊరికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో, మళ్ళీ 2025 అక్టోబరు చివర మొంథా తుపాను సమయంలో వరంగల్, హన్మకొండల్లో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. పోర్టికోల్లో నిలిపిన కార్లు సీట్ల దాకా నీళ్లలో నానాయి. అవన్నీ ఎక్కడికి పోయాయి? కొన్ని ఇక్కడే, కొన్ని పొరుగు జిల్లాల్లో అమ్ముడవుతాయి. నీరు దిగాక సీట్లు కడిగించి సెంటు కొట్టడం సులువే. కానీ సీటు బెల్టును చివరి వరకు లాగితే లోపలి మడతల్లో బురద చారలు కనిపిస్తాయి. సీటు కింది పట్టాల మీద తుప్పు, కార్పెట్ అడుగున పొడి మట్టి, వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము, దీపాల అద్దాల లోపల ఆవిరి, స్పేరు టైరు గుంటలో బురద గీత దాచలేనివి. వరద వల్ల తగ్గే విలువ అన్ని కార్లకూ ఒకటి కాదు. 1975 నాటి అంబాసిడర్‌లో తడిసి పాడయ్యేవి డైనమో, డిస్ట్రిబ్యూటర్ వంటి కొద్ది భాగాలు, వాటిని విప్పి ఆరబెట్టి నడిపిన మెకానిక్‌లు మన ఆటోనగర్‌లో ఉన్నారు. మూడేళ్ల కిందటి కారులో ఇంజన్ కంప్యూటరు, ఎయిర్‌బ్యాగుల నియంత్రణ పెట్టె, కార్పెట్ కింద సాగే వైరింగు తడిస్తే, ఈరోజు పనిచేసినా ఏడాది తర్వాత ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. కొత్తదనానికి ఎక్కువ ధర పలికే కారు నీళ్లలో మునిగితే ఎక్కువ నష్టపోతుందన్నది కొనేవారికి అంత తొందరగా తోచదు.

దిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత అక్కడి పెద్ద కార్లు చవకగా కరీంనగర్, నిజామాబాద్ వరకు వచ్చాయి. అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్వోసీ), ఇక్కడ మళ్ళీ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్, అప్పు తీరినట్లు ఫైనాన్స్ క్లియరెన్స్ కలిపి చూస్తే ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుందని మాత్రం చెప్పి వదిలేస్తాను.

ధర ఎంత అన్న ప్రశ్నకు మేము వాడే పద్ధతి చాలా సాదాది. అదే సంవత్సరం, అదే నమూనా కారు మంచి స్థితిలో నిజంగా ఎంతకు అమ్ముడైందో కనుక్కుని, మన ముందున్న కారును ఆ స్థితికి తేవడానికి అయ్యే ఖర్చును అందులోంచి తీసివేయాలి. ఇంటర్నెట్‌లో కనిపించేది అడిగే ధర, ఇచ్చిన ధర కాదు. బీమా ఐడీవీ కొంతవరకు ఆధారం. ఏడాది నుంచి రెండేళ్ల కారుకు 20 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల కారుకు 50 శాతం తరుగు తీసే పట్టిక ఉంది, ఐదేళ్లు దాటాక పరస్పర అంగీకారమే. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గి కొత్తవాటి ధరలు దిగినప్పుడు, వాడిన కార్ల ధరలూ ఆ మేరకు దిగాలి. పాత లెక్కల ప్రకారమే అడిగే కన్సల్టెన్సీలతో ఈ మాట చెప్పి బేరమాడవచ్చు.

చివరగా అధికారుల దృష్టికి. వాడిన వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుంచి అధీకృత పత్రం తీసుకోవాలనీ, యజమాని వాహనాన్ని వ్యాపారికి అప్పగించిన వెంటనే ఆ విషయాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేయాలనీ కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు తెచ్చింది. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సంతకం చేసిన ఖాళీ ఫారాలు చేతులు మారే వ్యవహారాన్ని ఆపగలిగేది అదే. నేను వెళ్ళి అడిగిన కొన్ని చోట్ల ఆ పత్రం గురించి విన్నవారే లేరు. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ రవాణా కార్యాలయాలు అధీకృత వ్యాపారుల జాబితాను నోటీసు బోర్డు మీద అతికించాలి. బీమా సంస్థలు పూర్తి నష్టంగా పరిష్కరించిన కార్ల చాసిస్ నంబర్లు కొనుగోలుదారుకు తెలిసే ఏర్పాటును రవాణా శాఖ పరిశీలించాలి. మీ పత్రిక తన వర్గీకృత ప్రకటనల్లో పాత కారు అమ్మేవారిని తయారీ సంవత్సరంతో పాటు రిజిస్ట్రేషన్ గడువు తేదీ, ఆర్సీలో ఉన్న పేరు అమ్మేవారిదేనా అన్న రెండు వివరాలు తప్పనిసరిగా ఇమ్మని అడగగలిగితే, అందుకు పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే నెల నుంచే ఆ మార్పు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత మోటారు బీమా సర్వేయర్,
హన్మకొండ.